స్నాప్‌షాట్లను పోల్చబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

ఆఫీసుకు కొత్త నెట్‌వర్క్ స్టోరేజీని ఎంచే పని నీకే అప్పగించారని మీ అమ్మ చెప్పినప్పుడు నాకెంతో గర్వంగా అనిపించింది. నువ్వు పంపిన పట్టిక చూశాక మాత్రం గుబులు పుట్టింది. రీస్టోర్ (పోయిన డేటాను వెనక్కి తేవడం) అన్న గడిలో నాలుగు చోట్లా ‘ఉంది’ అని రాసి వదిలేశావు. అసలు పోల్చవలసింది ఆ గడినే, తల్లీ.

స్నాప్‌షాట్లు, అంటే ఒక క్షణాన డేటా ఎలా ఉందో అలా పట్టి ఉంచిన రూపాలు, ఎన్ని ఉంచవచ్చన్న అంకెతో కాలం గడపకు; నెట్‌యాప్ కంపెనీ స్టోరేజీ ఒక్కో వాల్యూమ్‌కు (విడదీసిన ఒక్కో నిల్వ భాగానికి) ఇచ్చే 1023 నీకు ఎక్కువే. రాసే పద్ధతి చూడు. లినక్స్‌లోని పాత తరహా ఎల్‌వీఎం స్నాప్‌షాట్‌లో బ్లాకును (డిస్కు మీది చిన్న డేటా ముక్కను) మార్చే ముందు పాతదాన్ని వేరే చోటికి నకలు తీస్తారు కనుక రాత నెమ్మదిస్తుంది; ఆ చోటు నిండితే స్నాప్‌షాటే చెల్లకుండా పోతుంది. నెట్‌యాప్, అలాగే జెడ్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు కొత్త డేటాను కొత్త చోట రాసి పాత బ్లాకును కదపకుండా ఉంచుతాయి.

ఇక నా తప్పు. ఒక మధ్యాహ్నం లెక్కల విభాగంలో ఎవరో ఒక ఫోల్డర్‌ను పొరపాటున చెరిపేశారు. సర్వర్‌లో జెడ్‌ఎఫ్‌ఎస్ ఉంది, గంటకో స్నాప్‌షాట్ పడుతోంది. అర్ధరాత్రి స్నాప్‌షాట్‌కు రోల్‌బ్యాక్ ఆదేశం, అంటే అంతటినీ ఆ సమయానికి వెనక్కి తిప్పే ఆదేశం, ఇచ్చాను. ఇంతకంటే కొత్త స్నాప్‌షాట్లు ఉన్నాయని, వాటిని తొలగించి ముందుకు వెళ్లాలంటే ‘ఆర్’ చేర్చమని తెర మీద వచ్చింది. కిందనే వాటి పేర్లన్నీ వరుసగా ఉన్నాయి. ఫోన్ మోగుతూనే ఉంది. ఆ వరుస చదవకుండానే ‘ఆర్’ చేర్చి ఎంటర్ నొక్కాను. ఫోల్డర్ తిరిగి వచ్చింది. దానితోపాటు ఆ డేటాసెట్‌లో (జెడ్‌ఎఫ్‌ఎస్‌లో ఫైళ్లు ఉండే ఆ భాగంలో) అందరూ పొద్దుటి నుంచి చేసిన పనంతా పోయింది, దాన్ని వెనక్కి తేగలిగిన గంటగంట స్నాప్‌షాట్లూ పోయాయి. ఎదుట నిలబడిన పన్నెండు మందికి చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు. డేటాసెట్ మొదట్లో స్నాప్‌షాట్లన్నీ దొరికే, కంటికి కనిపించని జెడ్‌ఎఫ్‌ఎస్ ఫోల్డర్ ఒకటి ఉంటుంది. దానిలోకి వెళ్లి ఆ ఒక్క ఫోల్డర్‌ను కాపీ చేసుకుంటే రెండు నిమిషాల్లో తీరేది.

కనుక ప్రతి యంత్రం మీదా చేసి చూడు. నెట్‌యాప్‌లోనూ వాల్యూమ్ మొత్తాన్ని వెనక్కి తిప్పితే తర్వాతి స్నాప్‌షాట్లు పోతాయి, కానీ ఒక్క ఫైలును వేరుగా తెచ్చుకోవచ్చు. బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో స్నాప్‌షాట్ కూడా ఒక సబ్‌వాల్యూమే (విడిగా నిలిచే నిల్వ భాగమే) కనుక మిగతావాటిని చెరపనక్కర్లేదు. అయినా దానిపై తయారీదారు పెట్టిన మెనూ ఏం చేస్తుందో నీ కళ్లతో చూడు. మామూలు ఉద్యోగి విండోస్‌లోని పాత వెర్షన్ల పేజీ నుంచి తన ఫైలును తానే తెచ్చుకోగలడా, అదీ రాసుకో. అలా తెచ్చుకోగలిగితే నీకు ఆ ఫోనే రాదు.

స్నాప్‌షాట్ బ్యాకప్ కాదని, డిస్కులు పోతే అదీ పోతుందని నీకు తెలుసు. డేటాబేస్ ఉంటే దాన్ని క్షణం ఆపి స్నాప్‌షాట్ తీయించు. అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగ చేతికి చిక్కినా గడువులోపు చెరపలేని స్నాప్‌షాట్లు ఎవరిస్తారో తప్పక అడుగు. పాత స్నాప్‌షాట్ ఒకటి తొలగించినా, దాని బ్లాకులను మిగతావి పట్టుకుని ఉంటే చోటు ఖాళీ కాదు. వాల్యూమ్ నిండిన రోజున కంగారుపడి వరుసగా చెరపకు.

పట్టికలో ఆ నాలుగు గడులు నింపి మళ్లీ పంపు. ఏ యంత్రం ఏమని హెచ్చరించిందో అక్షరం పొల్లుపోకుండా రాయి, ఇద్దరం కలిసి చదువుదాం.

మీ మావయ్య