ఎలుగుబంట్లను చూడటం గురించి, మా మనవరాలికి

చిట్టితల్లీ,

మొన్న ఫోన్‌లో "అమ్మమ్మా, నువ్వు చెప్పావని అలాస్కా ఎలుగుల లైవ్ కెమెరా ఇరవై నిమిషాలు చూశాను. ఒక ఎలుగుబంటి నీళ్ళలో కూర్చుంది. అంతే, ఇంకేమీ జరగలేదు" అన్నావు. అది ఏ వైపు కూర్చుంది, దాని చెవులు ఎలా ఉన్నాయి అని అడిగితే నీకు గుర్తు రాలేదు. ఇది ఫోన్‌లో చెప్తే అయ్యే పని కాదు, కూర్చుని రాయాలి అని అప్పుడే అనుకున్నాను.

ముందు టైమ్ సంగతి. నువ్వు ఆఫీసులో లంచ్ చేస్తూ చూశావు. మన మధ్యాహ్నం ఒంటిగంట అంటే అలాస్కాలో ముందురోజు రాత్రి పదకొండున్నర. అక్కడ జులైలో పొద్దు చాలా ఆలస్యంగా గుంకుతుంది కాబట్టి ఆ మాత్రమైనా మసకగా కనిపించింది. వేసవిలో వాళ్ళ గడియారం మనకంటే పదమూడున్నర గంటలు వెనక. మన రాత్రి ఎనిమిదికి వాళ్ళకు పొద్దున ఆరున్నర. మన పొద్దున ఆరింటికి వాళ్ళకు ముందురోజు సాయంత్రం నాలుగున్నర. నేను పొద్దునే కాఫీ తాగుతూ గంట, రాత్రి భోజనం అయ్యాక గంట చూస్తాను. నువ్వు రాత్రి పూట పెట్టుకో, ఆఫీసు టెన్షన్ ఉండదు. చిన్న ఫోన్‌లో వద్దు. లాప్‌టాప్‌లోనో టీవీలోనో పెట్టుకో, సౌండ్ తగ్గించకు. ఎక్స్‌ప్లోర్ డాట్ ఆర్గ్ వాళ్ళు 2012 నుంచి ఈ కెమెరాలు నడుపుతున్నారు. జలపాతం దగ్గర, కింద నది దగ్గర, నీళ్ళలోపల కూడా ఉన్నాయి. ఒక్కోసారి పాత రికార్డింగ్ వేస్తారు, చలికాలమంతా దాదాపు అదే. లైవ్ అని రాసి ఉందో లేదో చూసుకుని కూర్చో.

మన దగ్గర ఎలుగుల పేరు చెప్తే శ్రీకాకుళం ఉద్దానం జీడితోటల్లోకి వచ్చే నల్ల ఎలుగులే గుర్తొస్తాయి. అవి చెదపురుగులు, తేనె, పండ్లు తినేవి. ఇవి వేరు. గోధుమరంగు ఎలుగులు, చాలా పెద్దవి. అలాస్కాలోని కట్మై నేషనల్ పార్కులో రెండువేలకు పైగా ఉన్నాయని అంచనా. ఆ అడవిని 1918లో కాపాడాలనుకున్నది ఎలుగుల కోసం కాదు, 1912లో అక్కడ పేలిన నోవరుప్తా అగ్నిపర్వతం కోసం. ఆ పార్కులో మనం చూసే బ్రూక్స్ నది రెండు సరస్సుల మధ్య రెండున్నర కిలోమీటర్లు కూడా లేని చిన్న నది. మధ్యలో ఆరడుగుల జలపాతం. మన కళ్ళకు అది పెద్ద మెట్టు అంత. కానీ సముద్రం నుంచి ఎదురీదుకుంటూ వచ్చే చేప ఆ మెట్టు ఎక్కాలి. ఎక్కడానికి ఎగరాలి. ఎగిరే చోట ఎలుగు నోరు తెరుచుకుని నిలబడి ఉంటుంది.

ఎలుగుల కంటే ముందు చేపను అర్థం చేసుకో. నువ్వు గోదావరి పిల్లవి, నీకు కష్టం కాదు. ఈ రోజుల్లోనే మన నదికి ఎర్రనీరు వస్తుంది. సముద్రంలో వలస అని పిలిచే చేప ఆ వరదకు ఎదురీది వచ్చి పులస అవుతుంది. యానాం దగ్గర వలలో పడితే వేలకు వేలు పలుకుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారని మీ తాతయ్య ప్రతి ఏడాదీ అనేవారు. అక్కడ వచ్చేది సాకై సాల్మన్. అది నదిలో పుడుతుంది, చిన్నప్పుడు ఒకటి రెండేళ్ళు సరస్సులో పెరుగుతుంది, తర్వాత సముద్రానికి పోయి రెండు మూడేళ్ళు ఉండి, పుట్టిన చోటికే తిరిగొస్తుంది. నదిలో అడుగుపెట్టాక ఇక తిండి తినదు. ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే ఈదుతుంది. వెండిలా మెరిసే ఒళ్ళు ఎర్రగా మారుతుంది, తల ఆకుపచ్చగా మారుతుంది. గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. పులస గుడ్లు పెట్టాక మళ్ళీ సముద్రానికి పోగలదు. సాల్మన్‌కు తిరుగు ప్రయాణం లేదు. ఈ తేడా మనసులో పెట్టుకుంటే జలపాతం దగ్గర పదోసారి ఎగిరి, తగిలి, కింద పడి, పదకొండోసారి ఎగిరే చేపను చూసినప్పుడు నీకు ఏమీ జరగనట్టు అనిపించదు. ధవళేశ్వరం ఆనకట్ట మన పులసకు దారి మూసింది. ఈ చేపలు పోయి చేరే అలాస్కా బ్రిస్టల్ బే తీరపు నదులకు అలాంటి ఆనకట్టలు లేవు. ప్రపంచంలో సాకై అంత ఎక్కువగా వచ్చే చోటు ఇంకోటి లేదు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు మన నది మీద బెంగ పుడుతుంది.

ఇక ఎలుగు. ఆరు నెలల దాకా తిండీ నీళ్ళూ లేకుండా గుహలో పడుకుని లేస్తుంది. లేచేసరికి ఒంటి బరువులో మూడో వంతు దాకా పోయి ఉండొచ్చు. మళ్ళీ పడుకునేలోపు అదంతా తిరిగి సంపాదించుకోవాలి. ఒక సాకైలో సుమారు 4,500 కేలరీలు. పెద్ద మగ ఎలుగు రోజుకు ముప్ఫై చేపలు దాటి తినగలదు. చేపలు బాగా దొరికే రోజుల్లో అది మెదడు, తోలు, గుడ్లు మాత్రమే తిని మిగతాది వదిలేస్తుంది. పారేస్తోందని కోపం తెచ్చుకోకు. కొవ్వు ఎక్కడుందో దానికి తెలుసు. మిగిలింది గద్దలకూ నీటిపక్షులకూ చిన్న ఎలుగులకూ పోతుంది.

చూడటానికి కూర్చున్నప్పుడు పట్టే పద్ధతి గమనించు. ఒకటి జలపాతం అంచున నిలబడి పైకెగిరే చేపను గాలిలోనే పట్టుకుంటుంది. ఒకటి కింద నురుగు గుంటలో కూర్చుని నీళ్ళలో చేతులతో తడుముతూ ఉంటుంది. ఆ గుంటను అక్కడివాళ్ళు జకూజీ అంటారు. కొన్ని తల నీళ్ళలో ముంచి వెతుకుతాయి. కుర్రవి చేపల వెంట పరుగెత్తి అలిసిపోతాయి. ఇంకొన్ని పక్కవాడు పట్టింది లాక్కుంటాయి. ఎవరు ఎక్కడ నిలబడాలి అనేదానికి ఒక వరస ఉంటుంది. పెద్ద మగది వస్తే మిగతావి మాట లేకుండా జరుగుతాయి. వారం రోజులు చూస్తే ఆ వరస నీకే తెలిసిపోతుంది.

నేను నేర్చుకున్నది ఓటిస్ దగ్గర. వాడి నంబరు 480. పార్కువాళ్ళు గుర్తుపట్టడానికి ఎలుగులకు నంబర్లు ఇస్తారు, పేర్లు తర్వాత వచ్చినవి. 2020లో మోకాలి ఆపరేషన్ అయ్యి నేను మంచం మీద ఉన్నప్పుడు మీ అమ్మ టాబ్‌లో ఆ కెమెరా పెట్టి ఇచ్చింది. మొదట నాకూ నీలాగే అనిపించింది. కానీ లేచి వెళ్ళలేను కదా, చూస్తూనే ఉన్నాను. ఓటిస్ అప్పటికే ముసలివాడు. కోరపళ్ళు రెండు లేవు, మిగతావి అరిగిపోయాయి. పెద్ద మగవాటితో పోట్లాడే వయసు కాదు. వాడు జలపాతానికి ఒక మూల, ఎప్పుడూ అదే చోట, నీళ్ళలో కూర్చునేవాడు. నిద్రపోతున్నాడేమో అనిపించేది. గంట గడిచేది. ఒక్కసారి తల వంచేవాడు, చేప నోట్లో ఉండేది. పరుగెత్తిన కుర్రవాటికంటే వాడికే ఎక్కువ దొరికేవి. 2021లో జులై చివరిదాకా రాలేదు. వచ్చినప్పుడు ఎముకలు కనిపిస్తున్నాయి. నేను ఏడ్చాను. అదే మూలలో కూర్చుని రెండు నెలల్లో ఒళ్ళు చేసి, ఆ అక్టోబరులో నాలుగోసారి లావు ఎలుగుల పోటీ (ఫ్యాట్ బేర్ వీక్, బాగా ఒళ్ళు చేసిన ఎలుగుకు చూసేవాళ్ళు ఆన్‌లైన్‌లో ఓట్లేసేది) గెలిచాడు. అంతకుముందు 2014లో, 2016లో, 2017లో గెలిచాడు. 2023 తర్వాత వాడు ఆ నదిలో కనిపించలేదు. వాడి మూల ఖాళీగా కనిపిస్తే ఇప్పటికీ నా చెయ్యి టీవీ తెర మీదికి పోతుంది.

అందుకే నీకు చెప్పే ముఖ్యమైన మాట ఇది. ఈ సీజన్‌కు ఒక్క ఎలుగును ఎంచుకో. అన్నిటినీ చూడాలని ప్రయత్నించకు. పేరున్నదే కావాలని లేదు. గుర్తుపట్టగలిగేది చాలు. రంగును నమ్ముకోకు. జులైలో పాత బొచ్చు రాలి లేత రంగులో ఉన్న ఎలుగే సెప్టెంబరుకు ముదురు గోధుమరంగుకు మారుతుంది, ఒళ్ళు బాగా పెరుగుతుంది. చెవులు ఎలా ఉన్నాయి, మూతి పొడవుగా ఉందా పొట్టిగా ఉందా, మచ్చలు ఎక్కడ, ఎలా నడుస్తుంది, ఎక్కడ నిలబడుతుంది, ఇవి చూడు. ఒక నోటుపుస్తకం పెట్టుకో. తేదీ, టైమ్, ఎన్ని చేపలు, ఎవరు వస్తే పక్కకు జరిగింది, ఇంతే రాయి. ముప్ఫై ఏళ్ళు జీవశాస్త్రం చెప్పిన అనుభవంతో చెప్తున్నాను, చేత్తో రాసినదాన్నే కళ్ళు నిజంగా చూస్తాయి.

ఆగస్టులో ఎలుగులు తగ్గిపోతాయి. చేపలు పైకి వెళ్ళిపోతాయి కాబట్టి అవి వేరే ఏర్ల వెంట పోతాయి. చాలామంది అప్పుడే చూడటం మానేస్తారు. నువ్వు మానకు. సెప్టెంబరులో గుడ్లు పెట్టి నీరసించిన చేపలు కింద నదిలోకి కొట్టుకొస్తాయి, ఎలుగులు తిరిగొస్తాయి. అప్పుడు జలపాతం కంటే కింద కెమెరా మంచిది. నీ ఎలుగు తిరిగి కనిపించిన రోజు, అంత లావుగా, పొట్ట నీళ్ళకు తగులుతూ నడుస్తుంటే, నీకు కలిగే సంతోషం ఎలాంటిదో నేను మాటల్లో చెప్పలేను. 747 అనే మగ ఎలుగు ఒళ్ళు చేసినప్పుడు ఆరు వందల కిలోలు దాటి ఉంటుందని అంచనా వేశారు.

ఇంకో విషయం. మీ స్నేహితురాలు పంపిన ఆ వీడియో సంగతి. పిల్ల ఎలుగు చచ్చిపోవడం చూసి రాత్రంతా నిద్రపట్టలేదన్నావు. అది 2024 జులైలో జరిగింది. గ్రేజర్ అనే తల్లి, నంబరు 128, తన పిల్లలతో జలపాతం దగ్గర ఉంది. పిల్లలు నీళ్ళకు కొట్టుకుపోయి కిందికి జారాయి. కింద ఉన్న చంక్ అనే పెద్ద మగది దాడి చేసింది. గ్రేజర్ దాని మీదికి ఉరికింది. ఒక పిల్ల బతకలేదు. నేను లైవ్‌లో చూశాను. మీ తాతయ్య పోయిన ఏడాది తర్వాత అంత బాధ పడింది ఆ రోజే. కానీ నువ్వు చూసింది ఆ ఒక్క నిమిషం. నేను ఆ ముందు నెలా చూశాను, ఆ తర్వాత మూడు నెలలూ చూశాను. గ్రేజర్ మళ్ళీ చేపలకు దిగింది, మిగిలిన పిల్లను పెంచింది. అక్టోబరు పోటీలో చివరికి మిగిలింది గ్రేజర్, చంక్. గ్రేజర్ రెట్టింపు కంటే ఎక్కువ ఓట్లతో గెలిచింది. మరుసటి ఏడాది చంక్ దవడ విరిగి వచ్చాడు. విరిగిన దవడతోనే వేసవంతా తిని, 2025 పోటీ గెలిచాడు. వాడిని చూసి నేను సంతోషపడగలనని 2024లో ఎవరైనా చెప్పి ఉంటే నమ్మేదాన్ని కాదు.

మంచి ఎలుగు, చెడ్డ ఎలుగు అని పేర్లు పెట్టకు. 402 అని ఒక ఆడ ఎలుగు ఉండేది. 2014లో తన ఏడాది పిల్లను వదిలేసింది. దాన్ని హాలీ అనే ఇంకో తల్లి తన పిల్లతోపాటు చేరదీసి పెంచింది. అడవిలో అలా జరగడం చాలా అరుదు. 402ను కన్నతల్లి కాదని తిట్టుకున్నవాళ్ళు ఉంటారు. 2024 సెప్టెంబరు చివర్లో 402ను ఒక మగ ఎలుగు కెమెరా ముందే చంపింది. పోటీ ప్రకటన ఒక రోజు ఆపారు. ఆ రోజు నేను చూడలేక టీవీ కట్టేశాను. నువ్వు కూడా కట్టేయొచ్చు, తప్పేమీ లేదు. చూసి తీరాలని లేదు. కానీ ఆ క్లిప్‌ను ఎవరికీ పంపకు. ఆ జీవి బతుకంతా తెలియనివాళ్ళకు దాని చావు మాత్రం చూపించడం నాకు అన్యాయంగా తోస్తుంది.

ఒక్క మంచి సంగతి కూడా రాస్తాను. ఆ పార్కులో డంప్లింగ్ అనే కొండ మీద ఇంకో కెమెరా ఉంది. అక్కడ ఎలుగులు పెద్దగా కనిపించవు, కొండలూ మబ్బులే. 2023 సెప్టెంబరులో గాలివానలో దారి తప్పిన ఒక మనిషి ఆ కెమెరా ముందుకొచ్చి సాయం చెయ్యమన్నట్టు పెదాలు కదిపాడు. ఎక్కడెక్కడో కూర్చుని ఖాళీ కొండను చూస్తున్నవాళ్ళు అది గమనించి చెప్పారు. పార్కు రేంజర్లు వెళ్ళి అతన్ని కిందికి తీసుకొచ్చారు. ఏమీ జరగని తెరను కూడా ఎవరో ఒకరు చూస్తూ ఉన్నారు కాబట్టే కదా.

ఈ శనివారం రాత్రి ఎనిమిదికి జలపాతం కెమెరా పెట్టు, నేనూ ఇక్కడ పెడతాను. ఫోన్ స్పీకర్‌లో ఉంచుదాం, మాట్లాడక్కర్లేదు. కుడివైపు అంచున ఎవరు నిలబడ్డారో ముందు నువ్వు చెప్పు, తర్వాత నేను చెప్తాను. నోటుపుస్తకం మరిచిపోకు.

ప్రేమతో,
మీ అమ్మమ్మ