సింగపూర్ ట్రిప్పుకు గొలుసు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర ఊరు. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. పరీక్షలు అవగానే నలుగురు ఫ్రెండ్స్‌తో కలిసి విశాఖ నుంచి సింగపూర్ వెళ్లి, నాలుగు రాత్రులు ఉండి రావాలని అనుకుంటున్నాం. మనిషికి 72,000 రూపాయలు తేలింది: విమానం టికెట్లు 24,000, గది 16,000, వీసాకు ఏజెంటు ఫీజుతో కలిపి 3,000, చూసే చోట్ల టికెట్లు 12,000, తిండి, మెట్రో ఖర్చులు 12,000, షాపింగ్ 5,000. పిల్లలకు ట్యూషన్లు చెప్పి దాచుకున్నవి 31,000 ఉన్నాయి. ట్యూషన్ల మీద నెలకు 5,000 వస్తుంది. మిగతా 41,000 కోసం మూడు దారులు కనిపిస్తున్నాయి. ఒక లోన్ యాప్ 40,000 ఇస్తానంది. చేతికి 37,412 వస్తాయి, నెలకు 7,384 చొప్పున ఆరు నెలలు కట్టాలి. ఇంకా ఒప్పుకోలేదు. ఒక ఫ్రెండ్ తన క్రెడిట్ కార్డు వాడుకోమంటోంది. లేదంటే ఓణీల ఫంక్షన్‌కి అమ్మమ్మ పెట్టిన రెండు కాసుల గొలుసు తాకట్టు పెట్టొచ్చు. నాన్న మూడెకరాల చెరువు లీజుకు తీసుకుని రొయ్యలు వేస్తారు. అమ్మ లేసు అల్లుతుంది. పట్టుబడి (రొయ్యలు పట్టి అమ్మినప్పుడు) డబ్బు మేత డీలరుకు కట్టాక మిగిలింది ఇంటికి వాడుకుంటాం. దాచిన డబ్బంటూ లేదు. ప్లేస్‌మెంట్ వస్తే మొదటి జీతంతోనే అప్పు తీర్చేస్తాను. మూడింటిలో దేనికి వడ్డీ తక్కువ?

జవాబు: ముందు ఆ యాప్‌లోంచి బయటికి రండి. మిగతాది తర్వాత చదవచ్చు. ఈ ఉత్తరం రాశాక మనసు మారి ఒప్పుకుని ఉంటే, డబ్బు ఖాతాలో పడి ఉంటే, అప్పు పత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎంత రాశారో చూడండి. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం అది కనీసం ఒక రోజు ఉండాలి. ఆ లోపు అసలూ, అప్పటిదాకా అయిన వడ్డీ కట్టేస్తే జరిమానా లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు పోతే పోనివ్వండి. అసలు ఆ యాప్ పేరు రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో పెట్టిన జాబితాలో ఉందో లేదో కూడా చూడండి. ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి అడిగిందంటే అది నియమాలకు విరుద్ధం. అలాంటి యాప్‌తో మాట కూడా వద్దు.

ఇప్పుడు వడ్డీ సంగతి. మీ చేతికి వచ్చేది 37,412. మీరు కట్టేది 44,304. ఆరు నెలల్లో 6,892 ఎక్కువ. అది కూడా అసలు ప్రతి నెలా తగ్గుతూ ఉండగా. లెక్క వేస్తే ఇది నూటికి అయిదు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 60 శాతం. మీ ఊళ్లో ఎవరైనా నూటికి అయిదు రూపాయలు అడిగితే నాన్నగారు ఆ ఇంటి గడప తొక్కరు. అదే వడ్డీని ఫోన్‌లో రంగుల బొమ్మలతో, 'ఈజీ ఈఎంఐ' అని చూపిస్తే చదువుకున్న పిల్లలు కూడా లెక్క చూడటం లేదు. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

ఆ ఈఎంఐ ఎలా కడతారు? ట్యూషన్ల డబ్బు మొత్తం పోసినా నెలకు 2,384 తక్కువ పడుతుంది. మొదటి జీతంతో తీరుస్తానన్నారు. మీరిప్పుడు మూడో సంవత్సరంలో ఉన్నారు. జీతం చేతికి రావాలంటే నాలుగో సంవత్సరం పూర్తవ్వాలి. ఈ అప్పు కిస్తీలన్నీ అంతకు ఎన్నో నెలల ముందే అయిపోతాయి. అంటే మీరు తీర్చే అప్పు ఇది కాదు, నాన్నగారు తీర్చేది. ఆయనకు ఆ సంగతి తెలియదు, అంతే.

నేను ఈ ఉత్తరానికి జవాబు ఇస్తున్నదే అందుకు. ఇంకా రాని జీతాన్ని ఇప్పుడే ఖర్చు లెక్కలో వేసుకోవడం ఈ మధ్య చాలా ఇళ్లలో చూస్తున్నాను. ఒకరికి సింగపూర్, ఒకరికి బైకు, ఇంకొకరికి ఫోను.

ఫ్రెండ్ కార్డు గురించి ఒక్క మాట: మీ కిస్తీ ఆలస్యమైతే దెబ్బ తగిలేది ఆ అమ్మాయి క్రెడిట్ స్కోరుకు. పైగా విదేశంలో కార్డు గీకితే చాలా కార్డుల మీద మార్కప్ అనే అదనపు రుసుము, దాని మీద జీఎస్టీ పడతాయి. వద్దు.

ఇక గొలుసు. వడ్డీ మాత్రమే చూస్తే మూడింటిలో ఇదే చవక. మీ ప్రశ్నకు సూటి జవాబు అదే. అయినా నేను గట్టిగా వద్దనేది దీన్నే, ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను.

మీ ఇంట్లో దాచిన డబ్బు లేదని మీరే రాశారు. అలాంటి ఇంట్లో రెండు కాసుల గొలుసు నగ కిందకి రాదు. అది మీ ఇంటి అత్యవసర నిధి, ఉన్నది అదొక్కటే. మన గోదావరి జిల్లాల్లో తరతరాలుగా ఆడపిల్లకు పెట్టే బంగారం ఇంటిని ఎన్నోసార్లు ఒడ్డున పడేసింది. మీ పేరు మీద ఉన్నా, మీ మెడలో ఉన్నా, కష్టం వస్తే అమ్మా నాన్నా ముందు చూసేది దాని వైపే.

రొయ్యల చెరువున్న ఇంటికి కష్టం ఎలా వస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి గుర్తు చేసుకోండి. కరెంటు పోతే చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగుతాయి. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్య పైకి తేలుతుంది, కొన్ని గంటల్లో మూడు నెలల పంట పోతుంది. ఆ రాత్రి చెరువును కాపాడేది జనరేటరు, అందులో పోసే డీజిలు. ఆ డీజిలుకు డబ్బు అప్పటికప్పుడు కావాలి. తెల్లమచ్చల వైరస్ వచ్చినా అంతే, కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూసుకోకుండా వెంటనే పట్టేయాలి. అదే ఏడాది ఆగస్టులో అమెరికా మన రొయ్యల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు చెరువు గట్టు మీద ఎంత టెన్షన్ పడ్డారో నాన్నగారిని అడగండి. ఏ ఇంటికైనా మూడు నెలల ఖర్చు పక్కన ఉండాలంటాను నేను. చెరువు ఉంటే ఆరు నెలలది ఉండాలి. మీ ఇంట్లో ఒక్క నెలది కూడా లేదు.

ఈ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి నా కారణం నాకుంది. మాది కోనసీమ. 1996 నవంబరు 6 తుఫానుకు మా కొబ్బరి తోట సగానికి పైగా నేలకొరిగింది. అంతకు రెండు నెలల ముందే ఇంట్లో ఒక శుభకార్యానికి, తప్పనిసరి కాని ఆర్భాటం కోసం, మా అమ్మ గాజులు తాకట్టుకు వెళ్లాయి. తుఫాను తర్వాత ఇంటి మీద రేకులు వేయించడానికి మా నాన్న నూటికి మూడు రూపాయలకు అప్పు తెచ్చారు. కొత్తగా నాటిన కొబ్బరి మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. వడ్డీ మాత్రం ఆగలేదు. ఆ గాజులు మళ్లీ ఇంటికి రాలేదు.

అయితే సింగపూర్ వద్దా అంటే, నేనలా అనను. నాలుగో సంవత్సరం అయ్యాక ఎవరి ఉద్యోగం ఎక్కడో, అందరూ మళ్లీ కలవడం కష్టమని మీకుండే బెంగ నాకు అర్థమవుతుంది. ఈ వయసులో ఫ్రెండ్స్‌తో కొత్త ఊరు చూడటం మంచిదే. పరీక్షలు అవగానే కాకుండా పది నెలలు ఆగి వెళ్లండి. అప్పటికి కోర్సు పూర్తి కాదు, అందరూ కలిసే ఉంటారు.

మీ దగ్గరున్న 31,000లో 15,000 ఈ రోజే వేరే ఖాతాలోకి మార్చేయండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి, యూపీఐకి కలపకండి. అది ట్రిప్పుకు సంబంధించింది కాదు, మీది, మీ ఇంటిది. మిగిలింది 16,000. ట్యూషన్ల డబ్బులో నెలకు 4,000 పక్కన పెడితే పది నెలల్లో 40,000. మొత్తం 56,000. ఇప్పుడు ఖర్చు తగ్గించండి. ఒక రాత్రి తగ్గిస్తే గది 12,000. టికెట్లు కొనే చోట్లు సగం చేస్తే 6,000. మెరీనా బే ఒడ్డున నడవడానికి, గార్డెన్స్ బై ద బేలో బయటి తోట చూడటానికి టికెట్ లేదు. హాకర్ సెంటర్లలో తింటే తిండి, మెట్రో 9,000లో సరిపెట్టుకోవచ్చు. షాపింగ్ తీసేయండి. విమానం, వీసా పాత లెక్కే వేసుకున్నా 54,000 అవుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్సుకు 1,000 పక్కన పెట్టండి. సింగపూర్ ఆసుపత్రుల్లో విదేశీయులకు రాయితీ ఉండదు, కాబట్టి ఈ వెయ్యి మానకండి. ఇంకో వెయ్యి మిగులుతుంది, అది భీమవరం నుంచి విశాఖ వెళ్లి రావడానికి. మీ 72,000 లెక్కలో ఆ ఖర్చూ లేదు, ఇన్సూరెన్సూ లేదు. పరాయి దేశంలో ఏదైనా జరిగితే చేతిలో ఉండాల్సిన డబ్బూ లేదు. ఆ అవసరం వస్తే తీయడానికే వేరే ఖాతాలో 15,000 పెట్టమన్నాను.

టూర్ ప్యాకేజీ తీసుకుంటే టీసీఎస్ అని ముందే కొంత పన్ను పట్టుకుంటారు, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాలి. మీరే విడిగా బుక్ చేసుకోండి. సింగపూర్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో ఉచితం, దిగే రోజుతో కలిపి ముందు మూడు రోజుల్లో నింపాలి. దానికి డబ్బు అడిగే వెబ్‌సైట్లకు ఇవ్వకండి.

ఈ ఆదివారం నాన్నగారి దగ్గర కూర్చుని ఒక ప్రశ్న అడగండి: రెండు రోజులు కరెంటు లేకపోతే జనరేటరుకు డీజిలు ఎంత ఖర్చు? ఆ అంకె ఒక కాగితం మీద రాసి ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. వచ్చే పట్టుబడిలో డీలరుకు కట్టగానే ముందు ఆ అంకె పక్కకు తీయమని చెప్పండి. మీ మాట వింటారు, చదువుకున్న కూతురు చెబితే ఏ తండ్రైనా వింటాడు.

ఫ్రెండ్స్‌కి మాత్రం ఈ వారమే చెప్పేయండి. టికెట్లు బుక్ అయ్యాక మీరు తప్పుకుంటే మీ 24,000 వెనక్కి రాకపోవచ్చు, అయిదుగురు పంచుకున్న గది అద్దె మిగతా నలుగురి మీద పడుతుంది. ఆ నలుగురిలో ఇంకెవరు ఇలాంటి యాప్‌లో ఒప్పుకోబోతున్నారో కూడా అడిగి చూడండి.