ఆ యాభై పౌండ్లు ఎందుకిచ్చారు?

ప్రశ్న: మాది ఇంగ్లాండులోని లెస్టర్. 2012లో ఇల్లు కొన్నాం. వెనక గ్యారేజీకి పక్కింటి డ్రైవ్ (కారు వెళ్లే దారి) మీదుగానే దారి. అక్కడుండే పెద్దావిడ ఏనాడూ అడ్డు చెప్పలేదు. మేమూ ఏటా క్రిస్మస్‌కి ఆవిడకి యాభై పౌండ్లు పంపేవాళ్లం. ఆవిడ పోయాక ఇల్లు కొన్నవాళ్లు తొమ్మిది నెలల క్రితం గేటు పెట్టి తాళం వేశారు. మోకాళ్ల నొప్పులతో మా అత్తగారు వీధి చివరి నుంచి వానలో నడిచి వస్తున్నారు. 'మీ అనుమతితో వాడుకుంటాం' అని రాసిస్తే తాళంచెవి ఇస్తారట. మావారేమో తాళం కోసేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: రెండూ వద్దు. తాళం కోస్తే పోలీసు కేసు మీ మెడకే చుట్టుకోవచ్చు. ఆ కాగితం అంతకంటే ప్రమాదం. ఇరవై ఏళ్ల వాడకంతో దారి హక్కు రావాలంటే బలవంతంగా గానీ, దొంగచాటుగా గానీ, ఒకరి అనుమతితో గానీ వాడి ఉండకూడదు. ఎదురుగా చూస్తూ ఊరుకోవడం వేరు, అనుమతి ఇవ్వడం వేరు. మీరు సంతకం పెడితే, ముందునుంచీ అనుమతితోనే వాడారని వాళ్ల లాయరు ఆ కాగితమే చూపిస్తాడు.

అత్తగారి మోకాళ్లను కోర్టు చూడదు. చూసేది యాభై పౌండ్లనే. 1903లో అప్పటి అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పిచ్చిన గార్డ్‌నర్ కేసు ఇలాంటిదే. గుర్రపుశాల నుంచి పక్క సత్రం ముంగిట్లోంచి బండి తోలుకున్నందుకు ఏటా పదిహేను షిల్లింగులు కట్టేవారు. నలభై ఏళ్లు దాటినా హక్కు రాలేదు. డబ్బు కట్టడమే అనుమతికి గుర్తు అన్నారు. మీ డబ్బు కంకర వేయించడానికో, పండగ కానుకగానో ఇచ్చిందైతే మాత్రం భయం లేదు.

ఇక గడువు. ఏళ్ల వాడకంతో వచ్చే హక్కుల మీదున్న 1832 చట్టం ప్రకారం కేసు వేసే నాటికి వెనక్కి ఇరవై ఏళ్లు లెక్కేస్తారు. అడ్డు పెట్టారని తెలిసీ ఏడాది ఊరుకుంటే ఆ లెక్క తెగిపోతుంది. తొమ్మిది నెలలు ఏం చేశారండీ? గేటుకి ఒప్పుకోవడం లేదని ఈ వారమే రాతపూర్వకంగా తెలపండి, కాపీ దాచుకోండి. ప్రభుత్వ భూమి రిజిస్టర్‌లో లేని హక్కు మాకు అంటదని వాళ్లనవచ్చు. వాళ్లు కొనడానికి ముందు ఏడాదిలోపు మీరు ఆ దారి వాడి ఉంటే, అలా పుట్టిన హక్కు వాళ్లకీ వర్తిస్తుంది.

మీకు అమ్మినాయన ఎన్నేళ్లు ఉన్నాడో మీరు రాయనే లేదు. ఆయన ఏళ్లు మీ ఏళ్లకు కలుస్తాయి. అసలు ఆయన ఒక్కడే పైసా ఇవ్వకుండా, ఎవరినీ అడగకుండా ఇరవై ఏళ్లు వాడి ఉంటే హక్కు అప్పుడే పుట్టినట్టు. అప్పుడు మీ యాభై పౌండ్ల మచ్చా పెద్ద అడ్డు కాదు. ఆయన్ని పట్టుకోండి. దారి ఎలా వాడారో నిజమేనని రాసి ల్యాండ్ రిజిస్ట్రీకి (భూమి హక్కులు నమోదు చేసే ఆఫీసు) ఇచ్చే ఎస్‌టీ4 ఫారంలో సంతకం చేయించండి. దానికి ముందు రెండిళ్ల టైటిల్ రిజిస్టర్లూ (యాజమాన్యం, హక్కుల వివరాలుండేవి) తెప్పించి చదవండి. పాత దస్తావేజులో దారి రాసే ఉంటే ఈ తలనొప్పంతా ఉండదు. అవతలివాళ్లు అభ్యంతరం పెడితే వ్యవహారం ట్రిబ్యునల్‌కి పోతుంది, ఓడితే వాళ్ల ఖర్చులూ మీ మీద పడొచ్చు. మీ ఇంటి ఇన్సూరెన్సులో లాయరు ఖర్చులు భరించే లీగల్ కవర్ ఉందేమో చూడండి, చాలామంది కట్టి కూడా మరిచిపోతారు.

ఇప్పుడే బ్యాంకు యాప్ తెరిచి, ఆ యాభై పౌండ్ల పక్కన రిఫరెన్స్‌లో ఏం రాశారో చూడండి. 'హ్యాపీ క్రిస్మస్' అనుందా, 'డ్రైవ్' అనుందా? అది చూసి మళ్లీ రాయండి. అంతవరకు మీరు గెలుస్తారని నేను చెప్పను.