బరంపురమా, వైజాగా? ముందు నువ్వు ఎక్కడ లోకలో చూసుకో చెల్లీ

నువ్వు అడిగింది ఇదీ: ఇల్లు ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు పక్కన కాశీనగర్, అక్కడికి దగ్గర్లోని పర్లాకిమిడిలో బీఎస్సీ కెమిస్ట్రీ ఆఖరి ఏడాది, ఎమ్మెస్సీకి నాన్న బరంపురం యూనివర్సిటీ అంటున్నారు, మామయ్య ఆంధ్రా యూనివర్సిటీ అయితేనే ఉద్యోగం వస్తుందంటున్నారు, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మాది పర్లాకిమిడే. నేను బరంపురంలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేసి, తరువాత శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరంలో ఒక మందుల కంపెనీలో క్యూసీ, అంటే నాణ్యత పరీక్షల ల్యాబ్‌లో పనిచేశాను. మా బాబాయి కొడుకు అదే సబ్జెక్టు వైజాగ్‌లో చదివాడు. రెండు వైపులూ దగ్గర నుంచి చూశాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

మన పెద్దవాళ్లకు ఆంధ్రా యూనివర్సిటీ మీద ఉన్న అభిమానం ఊరికే రాలేదు. 1926లో అది మొదలైనప్పుడు పర్లాకిమిడి, బరంపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేవి, 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడ్డాక మనం ఇటు వచ్చాం, బరంపురం యూనివర్సిటీ వచ్చింది 1967లో. ఆ పాత అభిమానమే మీ మామయ్య మాటలో ఉంది, తప్పేం లేదు. కానీ సీటు ఇచ్చేది అభిమానం చూసి కాదు, కాగితం చూసి. అందుకే ఏది గొప్ప అనే ప్రశ్న పక్కన పెట్టి, ఎక్కడ నువ్వు ఏ లెక్కలోకి వస్తావో ముందు తేల్చుకో.

ఆంధ్రాలో ఏముందంటే, 1973లో రాజ్యాంగంలో చేర్చిన 371-డి అధికరణ కింద 1974లో అడ్మిషన్ల మీద రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. దాని ప్రకారం రాష్ట్ర యూనివర్సిటీల్లో 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకే. లోకల్ అంటే తెలుగువాళ్లు అని కాదు. అర్హత పరీక్ష రాసిన ఏడాదితో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి, లేదా అక్కడ నివాసం ఉండాలి. నువ్వు పదో తరగతి, ప్లస్ టూ, డిగ్రీ అన్నీ ఒడిశాలో చదివావు, ఉంటున్నదీ ఇక్కడే. ఇంట్లో తెలుగే మాట్లాడినా, పండగలన్నీ శ్రీకాకుళం చుట్టాలతో చేసుకున్నా ఆ 85 శాతంలో నీకు చోటు లేదు. ఈ సంగతి మన వైపు డిగ్రీ చదివే పిల్లల్లో చాలామందికి కౌన్సెలింగ్ దాకా తెలియదు, అప్పటికి ఒడిశాలో గడువు దాటిపోయి ఉంటుంది. ఇది నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో ఒక్కరు ముందుగా చెబితే చాలు, ఏడాది పోదు.

మిగిలిన 15 శాతం అన్‌రిజర్వుడు. అందులోకైనా దేశంలో అందరూ రారు. ఆంధ్రాలో మొత్తం మీద పదేళ్లు నివాసం ఉన్నవాళ్లు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు పదేళ్లు అక్కడ నివాసం ఉన్నవాళ్లు, అక్కడ ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నవాళ్ల పిల్లలు, ఇలా కొన్ని వర్గాలకే. నువ్వు రాసినదాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇక్కడే, అమ్మ కన్నవారిల్లు ఆంధ్రాలోని మెళియాపుట్టి అని మధ్యలో ఊరికే అనేసిన మాట. అమ్మ అక్కడే పుట్టి, అక్కడే చదువుకుని, పెళ్లయ్యాక కాశీనగర్ వచ్చిందంటే పదేళ్ల నివాసం ఆమెకు ఎప్పుడో అయిపోయింది. తల్లిదండ్రుల్లో ఒకరు అన్నారు కానీ తండ్రే అనలేదు. వైజాగ్‌లో చదివాడన్న మా బాబాయి కొడుకు, ఆ తమ్ముడికి దారి దొరికింది ఇలాగే, మా పిన్నిది టెక్కలి. అక్కడి తహశీల్దారు ఆఫీసులో పిన్ని పేరు మీద నివాస ధ్రువపత్రం తీసుకున్నారు, ఆమె స్కూలు స్టడీ సర్టిఫికెట్లు, పదో తరగతి మార్కుల మెమో, తాతగారి ఇంటి కాగితాలు చూపించారు. సరిహద్దు దాటి పెళ్లిళ్లు చేసుకునే మన ఊళ్లలో ఎంతమంది అమ్మలది ఆంధ్రా! అయినా ఈ క్లాజు వాడుకునేవాళ్లు తక్కువ. మామయ్య మెళియాపుట్టిలోనే ఉన్నారు కదా, వైజాగ్ మీద అంత ఇష్టం ఉంటే ఆ సర్టిఫికెట్ పని ఆయనకే అప్పగించు.

అయితే ఆ 15 శాతంలో లోకల్ వాళ్లు కూడా మెరిట్ మీద పోటీకి వస్తారు. ఒక గ్రూపులో 20 సీట్లుంటే అది మూడు సీట్లు. అంటే ఆంధ్రాలో పీజీ సీట్లకు పెట్టే ప్రవేశ పరీక్ష ఏపీ పీజీసెట్‌లో మంచి ర్యాంకు రావాలి, దారి ఉంది కదా అని తేలిగ్గా తీసుకునే పరీక్ష కాదు.

కుల ధ్రువపత్రం సంగతి ఇంకా సూటిగా చెప్పాలి. నీకు ఒడిశాలో ఎస్‌ఈబీసీ (అక్కడ వెనుకబడిన తరగతులకు వాడే పేరు) సర్టిఫికెట్ ఉందన్నావు, ఆంధ్రాలో మన కులం బీసీ జాబితాలో ఉంది కాబట్టి పనికొస్తుందేమో అన్నావు. పనికిరాదు. కులం పేరు రెండు జాబితాల్లో ఉన్నా రిజర్వేషన్ రాష్ట్రం దాటి రాదు. 1990లో మర్రి చంద్రశేఖర రావు కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది, ఆంధ్రాలో ఎస్టీ అయిన తెలుగు కుర్రవాడు బొంబాయిలో మెడికల్ సీటుకు ఆ హోదా అడిగితే కుదరదంది. అది ఎస్సీ, ఎస్టీల గురించి చెప్పిందే అయినా బీసీల విషయంలోనూ రాష్ట్రాలు అలాగే నడుచుకుంటాయి. ఆంధ్రాలో నువ్వు ఓపెన్ కేటగిరీయే, అక్కడి ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా నీకు రాదు. ఇటు ఒడిశాలో చూస్తే ఎస్‌ఈబీసీలకు ఉన్నత విద్యలో 11.25 శాతం రిజర్వేషన్ 2025లో ప్రకటించారు, నేను చేరినప్పుడు అది లేదు. మీ నాన్న బరంపురం అనడంలో ఈ లెక్క లేకపోయినా నీకు లాభం అక్కడుంది. ఒడిశా పీజీ ప్రవేశ పరీక్ష సీపీఈటీ రాసి, అక్కడి అడ్మిషన్ల వెబ్‌సైటు శామ్స్ పోర్టల్లో ఆప్షన్లు పెట్టు. వైజాగ్ కోసం ప్రయత్నించినా ఇది మాత్రం వదలకు.

ఇక చదువు. యూనివర్సిటీ పేరుకంటే డిపార్ట్‌మెంటు ముఖ్యం అని నేను గట్టిగా నమ్ముతాను. రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఖాళీ పోస్టులు చాలా ఉన్నాయి, గెస్ట్ ఫ్యాకల్టీతో నెట్టుకొస్తున్న డిపార్ట్‌మెంట్లు ఉన్నాయి. ఒకసారి స్వయంగా వెళ్లి కెమిస్ట్రీ బిల్డింగులో తిరుగు. పర్మనెంట్ ప్రొఫెసర్లు ఎంతమంది, పీహెచ్‌డీ స్కాలర్లు ఎవరి దగ్గర ఉన్నారు, మందుల్లో ఏది ఎంత ఉందో తేల్చే హెచ్‌పీఎల్‌సీ యంత్రం పనిచేస్తోందా లేక బీరువాలా మూలన పడి ఉందా, ఎమ్మెస్సీ పిల్లల్ని దాని మీద చెయ్యి పెట్టనిస్తారా, ఆఖరి సెమిస్టర్ ప్రాజెక్టు బయట ల్యాబ్‌కు పంపిస్తారా అని సీనియర్లను అడుగు. వెబ్‌సైట్లో ఇవి ఉండవు. బరంపురం యూనివర్సిటీ క్యాంపస్ భంజ విహార్‌లో మా బ్యాచ్ చిన్నది, సార్లకు మా అందరి పేర్లూ తెలుసు, అర్థం కాని రియాక్షన్ మెకానిజం పట్టుకుని రూముకు వెళితే కూర్చోబెట్టి చెప్పేవారు. ఆఫీసు కౌంటర్లో ఒడియా, క్లాసులో ఇంగ్లీషు, బయట టీ కొట్టు దగ్గర తెలుగు, అలా గడిచిపోయింది. ఇల్లు దూరం అన్న బెంగ నాకు లేదు, బరంపురం బజారులో సగం మాట తెలుగే కదా.

వైజాగ్‌లో పెద్ద సౌకర్యం ఏమిటంటే ఆర్గానిక్, ఇనార్గానిక్, ఫిజికల్, అనలిటికల్ అని స్పెషలైజేషన్లు విడివిడిగా ఉంటాయి, చేరేటప్పుడే గ్రూపు ఎంచుకుంటావు. పరవాడ ఫార్మా సిటీ ఊరి పక్కనే, సీనియర్లు అక్కడే పనిచేస్తుంటారు కాబట్టి ఖాళీల కబురు ముందే తెలుస్తుంది. మా తమ్ముడికి మొదటి ఉద్యోగం ఒక సీనియర్ ఫోన్ చేసి చెబితేనే వచ్చింది. ఈ ఒక్క విషయంలో మీ మామయ్య మాటలో నిజం ఉంది. కానీ ఆంధ్రా యూనివర్సిటీ అయితేనే ఉద్యోగం అన్నది మాత్రం నిజం కాదు. నా ఇంటర్వ్యూలో అడిగింది క్రొమాటోగ్రఫీ సూత్రం, పీహెచ్ మీటర్ క్యాలిబ్రేషన్, పీక్ టెయిలింగ్ ఎందుకు వస్తుంది అని. ఏ యూనివర్సిటీ అని సర్టిఫికెట్ చూసినప్పుడు తప్ప ఎవరూ అడగలేదు. యూజీసీ గుర్తింపు ఉన్న డిగ్రీ దేశమంతా చెల్లుతుంది, బరంపురం డిగ్రీ ఆంధ్రాలో చెల్లదని ఎవరైనా భయపెడితే నమ్మకు. క్యూసీ ఉద్యోగం కావాలంటే అనలిటికల్, సింథసిస్ వైపు ఆర్ అండ్ డీ కావాలంటే ఆర్గానిక్ చూసుకో. షిఫ్టులు ఉంటాయి, అది ఇంట్లో ముందే మాట్లాడుకో.

ప్రభుత్వ ఉద్యోగం మనసులో ఉంటే లెక్క వేరు. ఒడిశాలో చాలా పోస్టులకు కనీసం ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలి, నీకు అది ఉంది. దాన్ని చిన్నగా చూడకు, ఆంధ్రాలో పెరిగి ఇటు వచ్చినవాళ్లకు అదే పెద్ద అడ్డం. ఆంధ్రా ప్రభుత్వంలో జిల్లా స్థాయి ఉద్యోగాలకు మళ్లీ లోకల్ రూలు ఉంది, అందులో స్కూలు చదువు ఎక్కడ అన్నది చూస్తారు, వైజాగ్‌లో రెండేళ్లు ఎమ్మెస్సీ చేసినంత మాత్రాన లోకల్ అయిపోవు. కాబట్టి లెక్చరర్ పోస్టు, ఒపీఎస్సీ (ఒడిశా పబ్లిక్ సర్వీస్ కమిషన్) పరీక్షల లాంటివి నీ ఆలోచనలో ఉంటే నేను బరంపురమే అంటాను, మొహమాటం లేకుండా.

మీ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరు ఒకటుంది, ఎచ్చెర్ల. శ్రీకాకుళం పక్కన డాక్టర్ బీఆర్ అంబేద్కర్ యూనివర్సిటీ, 2008లో వచ్చింది. పర్లాకిమిడి నుంచి రోడ్డు మీద చూస్తే వైజాగ్, బరంపురం రెండిటికంటే ఎచ్చెర్ల బాగా దగ్గర. పైడిభీమవరం అదే హైవే మీద ఉంది, నాతో ల్యాబ్‌లో పనిచేసినవాళ్లలో అక్కడ చదివినవాళ్లు కనిపించేవారు, పనిలో ఎవరికీ తీసిపోరు. పీజీసెట్ ర్యాంకుతోనే అక్కడికీ ఆప్షన్ పెట్టొచ్చు, అదే పదేళ్ల క్లాజు అక్కడా పనిచేస్తుంది. వైజాగ్ అందకపోతే ఇంట్లో చిన్నచూపు చూడకుండా దీన్నీ జాబితాలో ఉంచు.

సెంట్రల్ యూనివర్సిటీల్లో ఈ లోకల్ గొడవ లేదు. వాటి ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ రాస్తే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి పెట్టుకోవచ్చు, కెమిస్ట్రీకి అది చాలా మంచి చోటు. కేంద్ర ఓబీసీ జాబితాలో మీ కులం ఒడిశా పేరు కింద ఉంటే, కేంద్ర నమూనాలో సర్టిఫికెట్ తీసుకుంటే 27 శాతం కోటా అక్కడ వర్తిస్తుంది. రాష్ట్ర ఎస్‌ఈబీసీ కాగితం చూపిస్తే ఒప్పుకోరు, రెండూ వేరు.

హాస్టల్, ఫీజు అంత తేడా చేయవు. ఒక్కటి చూసుకో, వైజాగ్‌లో వచ్చిన సీటు రెగ్యులరా, సెల్ఫ్ ఫైనాన్సా. రెండోదానికి ఫీజు బాగా ఎక్కువ, అలాంటి సీటు కోసం బరంపురం రెగ్యులర్ సీటు వదులుకోవద్దని నా మాట.

ఇప్పుడు వెంటనే చేయాల్సినవి చెబుతాను. అమ్మ స్టడీ సర్టిఫికెట్లు ఆమె చదివిన స్కూలు నుంచి తెప్పించు, పాత రిజిస్టర్లు వెతకడానికి వాళ్లు టైము తీసుకుంటారు. ఆమె పెళ్లికి ముందు ఇంటిపేరు, ఇప్పటి ఆధార్‌లో పేరు వేరుగా ఉంటాయి కదా, రెండూ ఒకరే అని చూపే పెళ్లి సర్టిఫికెట్టో, అఫిడవిట్టో దగ్గర పెట్టుకో, మా పిన్నిని తహశీల్దారు ఆఫీసులో మళ్లీ రమ్మన్నది దీనికోసమే. ఆరో సెమిస్టర్ రిజల్ట్ వచ్చిన రోజే ప్రొవిజనల్, మైగ్రేషన్ రెండిటికీ దరఖాస్తు పెట్టు, బరంపురం నుంచి వేరే యూనివర్సిటీకి వెళ్లాలంటే మైగ్రేషన్ సర్టిఫికెట్ అడుగుతారు. బరంపురంలో ముందు సీటు వస్తే చేరిపో. తరువాత వైజాగ్ వస్తే అప్పుడు మారొచ్చు, కాకపోతే కట్టిన ఫీజులో ఎంత వెనక్కి ఇస్తారో, ఏ తేదీ లోపల అడగాలో చేరేటప్పుడే కాగితం మీద చూసుకుని సంతకం పెట్టు.