మావయ్య గారి పాత బేలరు, ఇంట్లో బంగారం

ప్రశ్న: మాది మండపేట దగ్గర పల్లె. ఆరెకరాల వరి, 50 హెచ్‌పీ ట్రాక్టరు ఉన్నాయి. మా మావయ్య తన పాత గడ్డి కట్టల మిషన్ (బేలరు) రెండున్నర లక్షలకు ఇస్తానంటున్నారు. కిరాయికి తిప్పితే కట్టకు 35 రూపాయల చొప్పున రోజుకు 400 కట్టలు పడతాయట. బంగారం తాకట్టు పెట్టి కొననా?

జవాబు: పాత బేలరు మీద మోజు ఎందుకో నాకు తెలుసు. సెన్సర్ల గొడవ ఉండదు. గొలుసులు, గేర్లు, దారం లాగే సూదులు, అంతే. విరిగిన ముక్క పట్టుకెళ్తే లేతు షాపులో చాలావరకు పని జరిగిపోతుంది. కొత్త మిషన్‌కి మొదటి ఏళ్లలో పడిపోయే ధర దీనికి ఎప్పుడో పడిపోయింది.

చిక్కంతా సీజన్‌తోనే. సార్వా, అంటే వానాకాలం పంట, కోతలు తుపాన్ల నెలల్లో వస్తాయి. చేలో తేమ, గడ్డిలో తడి. తడిగా కట్టిన కట్ట బూజు పడితే గేదె ముట్టదు. నేనైతే సార్వా ఆదాయం సున్నా అనే రాసుకుంటాను. ఇక దాళ్వా, అంటే రెండో పంట. 20 రోజుల పని అనుకుందాం. రోజుకు 14,000 వస్తే డీజిల్, దారం, కూలీలకు సగం పోయినా 7,000 మిగులుతుంది. మొత్తం 1,40,000.

ఇప్పుడు ముడి వేసే నాటర్ చూడండి. దాని హుక్కు అరిగి గాడి పడితే ముడి జారుతుంది. కట్ట వెనక పడీ పడగానే విచ్చుకుని, గడ్డి మళ్లీ చేలో పరుచుకుంటుంది. కిరాయీ రాదు, రైతు మాటా పడాలి. ఆ ముక్క లేతులో అయ్యేది కాదు. పార్శిల్ కోసం అయిదు రోజులు ఆగారంటే 35,000 పోయినట్టే. బంగారం లోను వడ్డీ 10 శాతం అనుకున్నా ఏడాదికి 25,000, అంతకంటే తక్కువ!

అంటే అసలు భయం వడ్డీ కాదు, మిషన్ ఆగిపోవడం. ఆదాయం అలా ఆగిపోగల దానికి బంగారం కదపొద్దు. మావయ్య అని మొహమాటపడకుండా సగం ఇప్పుడు, సగం దాళ్వా అయ్యాక ఇస్తానని అడగండి. ఆ సగమూ చేతిలో ఉన్న డబ్బే కావాలి. రిపేర్లకు మరో 50,000 పక్కన ఉండాలి. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఈ ఏడాదికి మానేయండి, మీ ఆరెకరాలకు కిరాయి బేలరు చాలు. ఒప్పుకునే ముందు మీ ట్రాక్టరుకే తగిలించి 50 కట్టలు కట్టించి, ఎన్ని విడిపోయాయో లెక్కపెట్టండి. ట్రాక్టరు నుంచి బేలరును తిప్పే పీటీవో షాఫ్టు మీద కవరు లేకపోతే ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. భుజం మీది తువ్వాలు దానికి చుట్టుకుంటే మనిషిని లాగేస్తుంది.