ప్రెస్ కార్డు లేకపోయినా సోర్సు పేరు దాచొచ్చా?
కాలిఫోర్నియాలో ఒక్కరే న్యూస్ వెబ్‌సైటు నడుపుతున్నానని, ప్రెస్ కార్డు లేదని, మీకు సమాచారమిచ్చిన ఉద్యోగి పేరు చెప్పమని ఆ కంపెనీ లాయర్ నుంచి నోటీసు వచ్చిందని రాశారు. టెన్షన్ పడకండి. లాయర్ ఉత్తరం కోర్టు ఆదేశం కాదు, కంగారులో జవాబివ్వకండి. సోర్సు పేరు చెప్పమని విలేకరులను బలవంతపెట్టకుండా కాపాడే అక్కడి షీల్డ్ చట్టానికి కార్డుతో పనిలేదు. యాపిల్ తన రహస్య వివరాలు రాసిన వెబ్‌సైట్ల సోర్సులు అడిగితే 2006లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. ఆ వివరాలు ఈమెయిల్ సంస్థ నుంచి లాగడమూ కుదరదంది, నాకైతే అదే అసలు గెలుపు.

కేసు నేరుగా మీమీదే వేస్తే మాత్రం రక్షణ పలచబడుతుంది. ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ (నేరారోపణ మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం) పిలిస్తే ఇంకా కష్టం, అమెరికా సుప్రీంకోర్టు 1972లో ఇచ్చిన బ్రాంజ్‌బర్గ్ తీర్పు అక్కడ విలేకరికి ప్రత్యేక మినహాయింపు ఇవ్వలేదు. ఆ ఉద్యోగితో చాట్‌లు ఇప్పుడు చెరిపేయకండి, ముందు మీడియా కేసులు చూసే లాయర్‌కి నోటీసు చూపించండి.