"హలో" అని పెట్టి కూర్చుంటే ఎవరు పలుకుతారు?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. డిగ్రీ రెండో సంవత్సరం. ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) ప్రాజెక్టు చాట్ గ్రూపులో చేరి, పొద్దున పదింటికి "హలో సార్, ఒక డౌట్ ఉంది, అడగొచ్చా?" అని పెట్టా. మధ్యాహ్నం దాకా ఎవరూ పలకలేదు. అందులో సీనియర్ ఒకాయనకు విడిగా మెసేజ్ చేస్తే "గ్రూపులో అడగండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాడు. నా ఇంగ్లీషు బాగాలేదనా? బయటికొచ్చేయాలా?

జవాబు: బయటికెందుకు తమ్ముడూ, ఆయన కోప్పడలేదు, దారి చెప్పాడు అంతే.

కడప ఏడు రోడ్ల దగ్గర టిఫిన్ బండి ముందు నిలబడి "అన్నా, ఒకటి అడగొచ్చా?" అని ఊరుకుంటే ఆయన తన మానాన దోసెలు పోసుకుంటూనే ఉంటాడు. "రెండు కారం దోసెలు, ఒకదానికి కారం తక్కువ" అను, చెయ్యి అప్పుడు కదులుతుంది. నీ మొదటి మెసేజ్‌లోనే మొత్తం ఉండాలి. ఇంగ్లీషులో ఇట్లా: "ఉబుంటు 24.04లో మీ ఎడిటర్ వాడుతున్నా. తెలుగు ఫైలును పీడీఎఫ్ చేస్తే 'స్త్రీ' అనే మాటలో ఒత్తులు విడిపోతున్నాయి, తెర మీద మాత్రం బాగానే ఉంది. మండలి, నోటో సాన్స్ తెలుగు రెండు ఫాంట్లతోనూ అంతే." తెలుగు ఒక్క ముక్క రానివాడికి కూడా ఎక్కడ వెతకాలో తెలిసిపోతుంది. ఇంగ్లీషు తప్పులుంటే ఉండనీ, వాళ్లలో చాలామందికి అది సొంత భాష కాదు.

ఎర్రర్ వస్తే ఫోన్‌తో తెరను ఫొటో తీసి పెట్టొద్దు, కాపీ చేసి అక్షరాలుగా పెట్టు. యాభై లైన్లుంటే గ్రూపులో కుమ్మరించకుండా పేస్ట్‌బిన్ లాంటి చోట పెట్టి లింకు ఇవ్వు. అందులో నీ పాస్‌వర్డ్ ఏమైనా ఉందేమో ముందు చూసుకో.

విడిగా ఎందుకు వద్దంటారంటే, నీకు చెప్పిన జవాబు రేపు ఇంకొకరికి దొరకదు, ఆయన తప్పు చెప్తే సరిదిద్దేవాళ్లూ ఉండరు. పైగా చాలామందికి ఇది జీతంలేని పని, ఆఫీసు అయ్యాక చేసేది. ఇక "సార్" సంగతి. పెద్దాయన్ని పేరు పెట్టి పిలవాలంటే మన రాయలసీమ వాళ్లకు గొంతు దాటి రాదు, నాకూ రాలేదు, కానీ అక్కడ పేరే మర్యాద.

ఇక టైము సంగతి. వాళ్లు జర్మనీలో ఉన్నారనుకో, నువ్వు పదింటికి అడిగినప్పుడు అక్కడ, ఎండాకాలం లెక్కైతే, పొద్దున ఆరున్నరే. రాత్రి తొమ్మిదికి అడిగితే వాళ్లకు సాయంత్రం ఐదున్నర. అడిగాక గంటలోనే మళ్లీ "ఎవరైనా ఉన్నారా?" అనొద్దు, ఒక రోజు ఆగు. మీ గ్రూపు ఐఆర్‌సీ అనే 1988 నాటి పాత చాట్ పద్ధతిలో ఉంటే మాత్రం చాట్ కిటికీ మూయకుండా ఉండాలి, మామూలుగా నువ్వు బయటికెళ్లాక వచ్చిన మాటలు నీకు అందవు. ఒకసారి నాకు కరెంటు పోయి జవాబు అట్లే పోయింది, మరుసటి రోజు సిగ్గుపడుతూ మళ్లీ అడిగా. మ్యాట్రిక్స్ అనే కొత్త చాట్ పద్ధతిలో ఈ బాధ లేదు, మాటలు నిలిచే ఉంటాయి.

సమస్య తీరాక ఏం చేస్తే తీరిందో రెండు లైన్లు అక్కడే రాయి. ఆ సీనియర్‌కు మళ్లీ విడిగా సారీ చెప్పబోకు, ఈ రాత్రే గ్రూపులో ప్రశ్న సరిగ్గా పెట్టు, చాలు.